చిన్న వర్క్‌షాపు దాకా చేరాలి

తేజస్ మార్క్-1ఏ రెక్కలు కోయంబత్తూరులో, మధ్య భాగం హైదరాబాద్‌లో ప్రైవేటు కంపెనీల వద్ద తయారై హెచ్‌ఏఎల్ చేతికి వస్తున్నాయి. మంచిదే. నా బెంగంతా వాటి మధ్య తిరిగే డ్రాయింగుల గురించే. ఎయిర్‌బస్ ఏ380 విషయంలో హాంబర్గ్ ఇంజనీర్లు క్యాటియా నాలుగో వెర్షన్, టూలూజ్ వాళ్లు అయిదో వెర్షన్ వాడారు. తీరా బిగించబోతే వైర్లు చాల్లేదు! 2006లో డెలివరీలు వరసగా వాయిదా పడ్డాయి. డిజైన్ నుంచి మరమ్మతు దాకా ప్రతి మార్పునూ ఒకేచోట నమోదు చేసే పీఎల్‌ఎం సాఫ్ట్‌వేర్ అవసరం అక్కడే తెలుస్తుంది. అయితే పెద్ద సంస్థ ఒక్కటీ కొంటే చాలదు. బ్రాకెట్లు చేసే చిన్న వర్క్‌షాపులో పాత ప్రింటే గోడకు వేలాడుతుంటే, ఆ తేడా బిగింపు దశలో గానీ బయటపడదు. చిన్న యూనిట్ల లైసెన్సు ఖర్చును కాంట్రాక్టు ధరలోనే కలిపి హెచ్‌ఏఎల్ భరించాలంటాను.