జిజ్ఞాసువులకు దృశ్యపాఠాల ఎంపిక: పశ్చిమ ప్రకాశం నేపథ్యం

మార్కాపురం పలక అనేక తరాల తెలుగు బాలబాలికల చేత అక్షరాలు దిద్దించింది. ఆ పలకరాయి ఎలా పుట్టిందని మార్కాపురం డిగ్రీ విద్యార్థి అడిగితే మనం ఏ వీడియో చానల్‌ను చూపగలం? పోటీపరీక్షల చానళ్ళకు తెలుగులో కొదవ లేదు. అవి జవాబును కంఠస్థం చేయిస్తాయే గాని ప్రశ్నను పెంచవు. చందాదారుల సంఖ్యను బట్టి కాక, విద్యార్థి తన నేలను గురించి వేసే ప్రశ్నను ఏ మేరకు ముందుకు నడిపిస్తుందో చూసి చానల్‌ను సిఫారసు చేయాలన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

లోతైన పాఠాలకు మొదట చెప్పదగినది ఎన్‌పీటీఈఎల్. ఐఐటీలు, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి 2003లో చేపట్టిన ఈ పథకంలో భూవిజ్ఞాన పాఠాలూ ఉన్నాయి. బంకమట్టి పొరలు గట్టిపడి షేల్ కావడం, భూగర్భ ఒత్తిడికి అందులోని ఖనిజాలు ఒకే దిశలో సర్దుకొని పలకరాయిగా మారడం, ఆ దిశ వెంబడే రాయి పలుచని రేకులుగా విడిపోవడం శిలాశాస్త్రంలో ప్రాథమిక విషయాలు. మార్కాపురం పలకరాయి ఉన్న శిలాశ్రేణిని భూవిజ్ఞానులు ‘కంభం ఫార్మేషన్’ అంటారు. ఈ పేరు ముందే చెప్పి పంపితే ఆంగ్ల ఉపన్యాసం విద్యార్థికి అంత పరాయిగా తోచదు. రాయి ఏ వైపు చీలుతుందో గని కార్మికునికి ఏ చానలూ చెప్పనక్కరలేదన్నది వేరే మాట.

నెట్ నిలకడగా అందని చోట 2017 జూలైలో 32 డీటీహెచ్ చానళ్ళతో మొదలైన స్వయంప్రభ ఉపకరిస్తుంది. పిల్లలకైతే అరవింద్ గుప్తా బొమ్మల వీడియోలను నిస్సంకోచంగా సూచించవచ్చు. పారవేసిన వస్తువులతోనే ప్రయోగం పూర్తవుతుంది.

అసలు పరీక్ష ఫ్లోరైడ్ దగ్గర ఎదురవుతుంది. పశ్చిమ ప్రకాశంలో ఇది నిత్యజీవిత సమస్య. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదనీ, వేరే నీరు దొరకని పక్షంలో 1.5 వరకు అనుమతించవచ్చనీ భారతీయ ప్రమాణం చెబుతోంది. నీటిని కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ దాని సాంద్రత పెరుగుతుంది. పటిక, సున్నం కలిపి తేర్చే ‘నల్లగొండ పద్ధతి’ వంటివి కావాలి. ఒక ఆరోగ్య చానల్ ఈ సంగతులు చెబుతోందా, పరిమాణాలకు ఆధారం చూపుతోందా, లేక వంగిన ఎముకలను నెలరోజుల్లో సరిచేసే పొడిని అమ్ముతోందా? ఈ ఒక్క అంశంపై దానిని పరిశీలిస్తే మిగిలిన వీడియోల విశ్వసనీయత కూడా చాలావరకు అంచనాకు వస్తుంది. ఇక్కడ తప్పుడు సిఫారసుకు మూల్యం మార్కులతో పోదు.

లంకెను వాట్సాప్‌లో పంపి ఊరుకుంటే సిఫారసు సగమే. విదళనం, రూపాంతర శిల, అవక్షేపం వంటి నాలుగైదు పారిభాషిక పదాలకు తెలుగు వివరణ, పాఠంలో ఏ నిమిషం నుండి చూడాలో సూచన, చూశాక తేల్చవలసిన ఒక ప్రశ్న జతచేయాలి. ఈ పని భూవిజ్ఞాన శాఖ లేని కళాశాలలో తెలుగు శాఖ కూడా చేయగలదు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పదకోశాలు గ్రంథాలయపు బీరువాల్లో ఉండనే ఉన్నాయి.