కొనేవారి నోటి మాట

సంతలో అమ్మేవారు కేక వేస్తారు. "వంకాయలోయ్, లేత వంకాయలు" అని అరుస్తారు. ఆ కేక విని ఆడవాళ్ళు ఇటు తిరుగుతారు. వీధిలో గాజులు అమ్మేవారూ అంతే, ఉప్పు అమ్మేవారూ అంతే. అమ్మేవారు పిలుస్తారు. కొనేవారు వింటారు.

ఫోనులో ఇది తిరగబడింది. అక్కడ కొనేవారు పిలుస్తారు. అమ్మేవారు పలకాలి.

హైదరాబాదులో ఉద్యోగం చేసే ఒకామె సంగతి చూడండి. పండక్కి పిండివంటలు చేసుకునే తీరిక ఆమెకు లేదు. ఫోను తీస్తుంది. గూగుల్ తెరిచి 'కజ్జికాయలు ఆర్డర్' అని రాస్తుంది. రాయడం విసుగైతే మైకు గుర్తు నొక్కి నోటితో చెబుతుంది. రెప్పపాటులో అంగళ్ళ పేర్లు వరసగా వస్తాయి. పైనున్న నాలుగైదు పేర్లు చూస్తుంది. వాటిలో ఒకరికి ఫోను చేస్తుంది. కిందికి జరుపుతూ జరుపుతూ పోయి చూసే ఓపిక ఎంతమందికి ఉంటుంది?

అంతకంటే మంచి కజ్జికాయలు చేసేవారు ఎక్కడో ఉంటారు. వారి పేరు ఆ వరసలో ఉండదు. కారణం చాలాసార్లు ఒక మాట. ఒకే ఒక్క మాట.

ఒకే వంటకు నాలుగు పేర్లు

కరీంనగర్ వైపు ఒక ఊళ్ళో పదిమంది ఆడవాళ్ళు పొదుపు సంఘం పెట్టుకున్నారని అనుకుందాం. సకినాలు, గరిజలు, నువ్వుల లడ్డూలు చేస్తారు. రుచికి పేరు పెట్టలేరు. కానీ పట్నం నుంచి షాపు ఆయన వచ్చి కిలోల లెక్కన కొనుక్కుపోతాడు. తన డబ్బాలో పోసి, తన చీటీ అంటించి, ఎక్కువ ధరకు అమ్ముకుంటాడు. పొయ్యి దగ్గర చెమట వీళ్ళది. లాభం ఆయనది.

సంఘం వాళ్ళు సొంతంగా అమ్ముదామనుకున్నారు. చదువుకున్న అమ్మాయి ఒకతె ఫోనులో సంఘం పేరు ఎక్కించింది. 'ఇక్కడ గరిజలు దొరుకుతాయి' అని రాసింది. నెల గడిచినా ఎవరూ ఫోను చెయ్యలేదు. చివరికి చుట్టాల ద్వారా నంబరు తెలుసుకుని గుంటూరు నుంచి ఒకామె చేసింది.

"ఏమండీ, కజ్జికాయలు ఉన్నాయా?"

"కజ్జికాయలా? అవి మేం చెయ్యమమ్మా. గరిజలు చేస్తం, సకినాలు చేస్తం."

"అలాగా. సరేనండీ."

ఫోను పెట్టేసింది. బేరం పోయింది. గరిజలన్నా కజ్జికాయలన్నా ఒకటే. ఆ సంగతి అటు ఆమెకూ తెలియదు, ఇటు వీళ్ళకూ తెలియదు.

మనుషులే ఇలా ఉంటే యంత్రం మాట చెప్పాలా? గూగుల్ సంస్థ 1998లో అమెరికాలో మొదలైంది. దాని యంత్రాలు ఇంటర్నెట్టులోని పేజీలను ముందే చదివి పెట్టుకుంటాయి. పెద్ద పుస్తకాల చివర ఏ మాట ఏ పేజీలో ఉందో చెప్పే పట్టిక ఉంటుంది కదా. గూగుల్ కట్టుకున్నదీ అలాంటి పట్టికే. ఎవరైనా ఒక మాట అడిగితే పట్టిక చూస్తుంది. ఆ మాటకు తగిన పేజీలు తీసి చూపిస్తుంది. ఎవరిని పైన పెట్టాలి అన్నదానికి ఇంకా లెక్కలు ఉన్నాయి. అంగడి ఎంత దూరం? ఎంతమంది దాన్ని మెచ్చుకున్నారు? ఇలాంటివి చూస్తుంది. కొన్ని జంట పేర్లు కూడా దానికి తెలుసు. అయినా పల్లె మాటలన్నీ దానికి తెలుసులే అని నమ్మి కూర్చోకూడదు. కొనేవారు అడిగే మాట మీ పేజీలో ఉండాలి.

వెతికేటప్పుడు వాడే ఈ మాటను కంప్యూటరు వాళ్ళు కీవర్డ్ అంటారు. వెతుకుడు మాట అనుకోవచ్చు. జనం ఏ మాటతో వెతుకుతున్నారో కనిపెట్టడాన్ని కీవర్డ్ రీసెర్చ్ అంటారు. పేరు పెద్దది గానీ పని మనకు తెలిసినదే. చెవి, పెన్ను, ఒక నోటుపుస్తకం, ఒక ఫోను ఉంటే మొదలుపెట్టవచ్చు.

తెలుగులో ఈ పని మరీ అవసరం. కోస్తాలో బొబ్బట్లు అంటారు. తెలంగాణలో భక్ష్యాలు అంటారు, పోలెలు అంటారు. రాయలసీమలో ఓళిగలు అంటారు. గుంటూరు గోంగూర తెలంగాణలో పుంటికూర. గారెలతో ఇంకో తిరకాసు ఉంది. కోస్తాలో గారెలంటే మినప్పిండితో చేసే మెత్తటివి. తెలంగాణలో చాలాచోట్ల బియ్యప్పిండితో చేసే కరకరలాడే వాటినీ గారెలంటారు. కోస్తాలో వాటి పేరు చెక్కలు. పేరు ఒకటే, వంటలు రెండు. 'గారెలు' అని ఊరికే రాస్తే కొన్నామె పొట్లం విప్పి పోట్లాటకు వస్తుంది. బియ్యప్పిండి గారెలు, అంటే చెక్కలు, అని విడమరిచి రాయాలి.

అందుకని సొంత మాట వదులుకోనక్కర్లేదు. 'గరిజలు, వీటినే కజ్జికాయలు అంటారు' అని రాస్తే సరిపోతుంది. కరీంనగర్ పిల్ల అమెరికా పోయినా గరిజలు అనే వెతుకుతుంది. ఆమెకూ దొరకాలి.

మాటలు దొరికే చోట్లు

మొదటి చోటు మీ ఫోనే. ఆర్డరు ఇచ్చేవారు ఏ మాటతో అడిగారో అదే మాట పుస్తకంలో రాయండి. మీ మాటలోకి మార్చి రాయకండి. 'నూనె లేనివి ఉన్నాయా', 'బెల్లంతో చేసినవి ఉన్నాయా', 'సీమంతానికి సారె కావాలి' అని అడుగుతారు. అలాగే రాయండి. అదే మాట మళ్ళీ వస్తే పక్కన గీత గీయండి. నెలయ్యాక గీతలు లెక్కపెట్టండి. ఏ పేరుకు గిరాకీ ఉందో ఆ గీతలే చెబుతాయి. ఖరీదైన కంప్యూటరు పట్టికలకంటే చిన్న వ్యాపారానికి ఈ గీతలే ఎక్కువ పనికొస్తాయి.

రెండో చోటు గూగుల్ పెట్టె. అందులో 'సకినాలు' అని రాసి ఆగండి. మిగతాది రాయకండి. కింద కొన్ని వరసలు వాటంతట అవే వస్తాయి. జనం నిజంగా వెతికిన మాటల నుంచే గూగుల్ వాటిని చూపిస్తుంది. అవి పుస్తకంలోకి ఎక్కించండి. ఒకటి గుర్తుంచుకోండి. ఆ వరసలు ఊరిని బట్టి మారతాయి. ఆ ఫోనులో ఇంతకుముందు ఏం వెతికారో దాన్ని బట్టి కూడా మారతాయి. కాబట్టి వేరే ఊళ్ళో ఉన్న మీ అక్కనో, మరదలినో వాళ్ళ ఫోనులో చూసి చెప్పమనండి.

అక్షరాల సంగతి కూడా ఉంది. తెలుగు మాటనే చాలామంది ఇంగ్లీషు అక్షరాలతో రాస్తారు. సకినాలను ఒకరు 'ఎస్' తో మొదలుపెడతారు. ఇంకొకరు చకినాలు అంటారు, 'సి' తో మొదలుపెడతారు. పూతరేకుల్లో 'పూ'కు ఒకరు 'యు' రాస్తే ఒకరు రెండు 'ఓ'లు రాస్తారు. ఆ వంట తెలియని బయటి రాష్ట్రం వాళ్ళు దానిని 'పేపర్ స్వీట్' అంటారు. ఇందులో తప్పొప్పుల పంచాయితీ వద్దు. కొనేవారు ఎలా రాస్తే మనకు అదే లెక్క. తెలుగులో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో ఒకసారి పేరు ఉండేలా చూసుకోండి.

గూగుల్ ట్రెండ్స్ అని ఇంకొకటి ఉంది. డబ్బు కట్టనక్కర్లేదు. ఏ మాటను ఏ నెలలో ఎక్కువ వెతికారో గీతలో చూపిస్తుంది. అందులో అంకెలు 0 నుంచి 100 దాకా ఉంటాయి. 100 అంటే వందమంది అనుకునేరు. ఆ మాటను అన్నిటికంటే ఎక్కువగా వెతికిన సమయానికి 100 వేస్తారు. మిగతా రోజులను దానితో పోల్చి అంకె ఇస్తారు. దీనితో ఒక లాభం ఉంది. సంక్రాంతి గిరాకీ ఎప్పుడు లేస్తుందో ముందే తెలుస్తుంది. పండగ వారం ఉండగా పేజీ రాస్తే గూగుల్ దాన్ని చదివేలోపు పండగే వెళ్ళిపోవచ్చు. పిండి కొట్టించకముందే పేజీ రాసి పెట్టాలి.

అడిగేవారంతా కొంటారా?

'అరిసెలు ఎలా చేయాలి' అని వెతికే ఆమెకు అరిసెలు అమ్మలేరు. ఆమె పాకం పట్టుకోవడానికి చూస్తోంది. పైగా ఇప్పుడు ఇలాంటి ప్రశ్నలకు చాలాసార్లు గూగులే పైన జవాబు రాసి చూపిస్తోంది. ఆమె మీ పేజీ దాకా రాకపోవచ్చు.

'అరిసెలు కిలో ధర' అని వెతికే ఆమె వేరు. ఆమె చేతిలో డబ్బు ఉంది. 'నా దగ్గరలో అరిసెలు', 'అరిసెలు ఆర్డర్', 'అరిసెలు కొరియర్' అనేవారూ అంతే. మాట వెనకాల మనసు చూడాలి. సంతలో ఊరికే తడిమి చూసేవారెవరో, సంచి తెచ్చుకున్నవారెవరో చూడగానే తెలుస్తుంది కదా. ఇక్కడ మాటను బట్టి తెలుసుకోవాలి.

ఇంకొక పొరపాటు చాలామంది చేస్తారు. ఎక్కువమంది వెతికే మాట కోసం ఎగబడతారు. 'స్వీట్లు' అని ఎంతోమంది వెతుకుతారు. కానీ ఆ మాట దగ్గర పెద్ద పెద్ద కంపెనీలు ముందే కూర్చుని ఉన్నాయి. చిన్న సంఘం ఆ వరసలో వందో చోటనో, ఇంకా వెనకనో ఉంటుంది. 'కరీంనగర్‌లో పెళ్ళి సారె సకినాలు' అని వెతికేవారు నెలకు పదిమందే ఉండవచ్చు. అయితే ఆ పదిమందీ కొనేవారే. అక్కడ పోటీ కూడా తక్కువ. ఊరి పేరు, వంట పేరు, ఎందుకు కావాలో ఆ పని పేరు, మూడూ కలిపి రాయండి.

ఎక్కడ రాయాలి

సొంత వెబ్‌సైటు లేకున్నా పరవాలేదు. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఉచితం. అందులో వ్యాపారం పేరు, ఏ రకం వ్యాపారమో, పని వేళలు, ఫోను నంబరు ఇస్తారు. వ్యాపారం నిజంగా ఉందా అని గూగుల్ తనిఖీ చేస్తుంది. అందుకు వీడియో అడగవచ్చు, ఫోను కూడా చేయవచ్చు. వివరం రాయడానికి 750 అక్షరాల చోటు ఉంటుంది. ఏరిన మాటలు అక్కడ మామూలు వాక్యాల్లో రాయాలి. ఫొటో ఒక్కటే పెట్టి ఊరుకుంటే చాలదు.

పేరు దగ్గర జాగ్రత్త. బోర్డు మీద ఉన్న పేరే రాయాలి. సంఘం పేరు వెనక 'కజ్జికాయలు బొబ్బట్లు సకినాలు చవక' అని తోక తగిలిస్తే గూగుల్ నియమాలకు విరుద్ధం. ప్రొఫైల్ ఆపేయవచ్చు. ఒకే మాటను పదేపదే దంచినా లాభం లేదు. అది మోసం కింద లెక్క. పేజీ ఇంకా కిందికి పోవచ్చు.

ఇంట్లోనే చేసి పంపేవారు ఇంటి అడ్రసు అందరికీ చూపించనక్కర్లేదు. అడ్రసు దాచి, ఏ ఏ ఊళ్ళకు పంపుతారో అవి మాత్రం చూపించే వీలుంది. ఒంటరిగా ఉండే ఆడవాళ్ళు ఈ సంగతి మరవకండి. వ్యాపారానికి వేరే ఫోను నంబరు పెట్టుకుంటే ఇంకా మంచిది.

నంబరు బయట పెట్టాక ఒక రకం ఫోన్లు మొదలవుతాయి. "మేడం, గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం. ఐదు వేలు కట్టండి, మిమ్మల్ని మొదటి స్థానంలో పెడతాం" అంటారు. మొదటి స్థానం ఖాయమని ఎవరూ మాట ఇవ్వలేరని గూగులే చెబుతోంది. డబ్బిచ్చి వేసే ప్రకటనలు వేరే ఉంటాయి. అవి ప్రకటనలని తెలిసేలా వాటి మీద గుర్తు ఉంటుంది. ఫోనుకు వచ్చిన ఓ.టి.పి. అంకెలు ఎవరికీ చెప్పకండి. డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా 1930 నంబరుకు ఫోను చెయ్యాలి.

మనవి కాని మాటలు

గిరాకీ ఉందని ప్రతి మాటా వాడకూడదు. 'షుగర్ ఉన్నవారికి స్వీట్లు' అని చాలామంది వెతుకుతారు. బెల్లం లడ్డూలు చేసి ఆ మాట రాయాలనిపిస్తుంది. కానీ బెల్లం కూడా రక్తంలో చక్కెర పెంచుతుంది. ఆ మాట నమ్మి తిన్నవారికి ప్రాణం మీదికి రావచ్చు. 'బెల్లంతో చేసినవి' అని రాయండి. అంతవరకు నిజం.

ఊరి పేర్లు కూడా ఇలాంటివే. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దీన్ని జి.ఐ. ట్యాగ్ అంటారు. దీనికి 1999లో చేసిన చట్టం ఉంది. పూతరేకులు ఎవరైనా చేసుకోవచ్చు. వేరే ఊళ్ళో చేసి 'ఆత్రేయపురం పూతరేకులు' అని అమ్మితే మాత్రం చట్టం ఒప్పుకోదు. ఆ పేరు వెనక అక్కడి ఆడవాళ్ళ చేతి పని ఉంది. కాలిన కుండ మీద పిండిలో తడిపిన బట్ట పరిచి, కాగితంలాంటి రేకు తీస్తారు. అది ఒక్కరోజులో వచ్చే పని కాదు.

మూడు నెలలకోసారి ప్రొఫైల్‌లో పనితీరు అనే చోట చూడండి. జనం ఏ ఏ మాటలు వెతికి మీ దగ్గరికి వచ్చారో అక్కడ ఉంటుంది. నోటుపుస్తకం పక్కన పెట్టుకుని రెండూ సరిపోల్చండి. మీరు అనుకోని మాట ఒకటి కనబడవచ్చు. బొబ్బట్లు అమ్మేవారికి 'పూరన్ పోళీ' కనబడిందంటే, మరాఠీ వాళ్ళు ఎవరో అడుగుతున్నారన్నమాట. ఆ పేరు కూడా పుస్తకంలో రాసుకోండి.