యాంటీబయాటిక్ పక్కన ఇంకో గోలీ

యాంటీబయాటిక్ చీటీ పట్టుకుని వరంగల్ కాశిబుగ్గలో మందుల షాపుకు పోయినా, హనుమకొండ చౌరస్తాకు పోయినా, ఆ గోలీల పక్కన ఒక ప్రోబయాటిక్ క్యాప్సూల్, పసిపిల్లలకైతే నీళ్లలాంటి మందున్న చిన్న ప్లాస్టిక్ సీసా చేతికి రావడం ఇప్పుడు మామూలైంది. ‘పొట్టకు మంచిది’ అన్న ఒక్క మాటతో అది అమ్ముడుపోతుంది. అందులో ఉన్నది ఏ సూక్ష్మజీవి, ఏ జబ్బుకు అని అడిగేవాళ్లు తక్కువ. అడగాల్సింది మాత్రం అదే. సరిపడా మోతాదులో తీసుకున్నప్పుడు ఒంటికి మేలు చేసే సజీవ సూక్ష్మజీవులనే ప్రోబయాటిక్ అనాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కలిసి 2001లో తేల్చాయి. అవి బతికి ఉండాలి, తగినన్ని ఉండాలి, మేలు రుజువు కావాలి.

సరైన జీవిని సరైన పనికి వాడితే ఎంత మేలో ఒడిశాలో తేలింది. పినాకి పాణిగ్రాహి బృందం అక్కడి పల్లెల్లో 4,556 మంది నవజాత శిశువులపై చేసిన పరీక్ష 2017లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్‌లో ఒకానొక రకాన్ని, దానికి తిండిగా పనికొచ్చే ఒక చక్కెరతో కలిపి సగం మందికి వారం రోజులు పట్టారు. ఒళ్లంతా పాకే ఇన్ఫెక్షన్ గానీ మరణం గానీ ఉత్తుత్తి మందు తాగినవాళ్లలో 9 శాతం మందికి ఎదురైతే, అసలు మందు అందినవాళ్లలో అది 5.4 శాతమే. అయితే వాళ్లంతా దాదాపు నెలలు నిండి, కనీసం రెండు కిలోలు తూగి, తల్లిపాలు తాగుతున్న పిల్లలు. ఈ ఫలితాన్ని చూపించి పెద్దవాళ్ల గ్యాస్‌కు ఇంకేదో క్యాప్సూల్ అంటగట్టడం అన్యాయం. అమెరికాలో వాంతులు, విరేచనాలతో ఆసుపత్రికొచ్చిన 971 మంది పిల్లలపై మరో పేరున్న రకాన్ని పరీక్షిస్తే, అది ఉత్తుత్తి మందుకన్నా ఏమీ ఎక్కువ చేయలేదని 2018లో తేలింది.

యాంటీబయాటిక్‌తో వచ్చే విరేచనాల సంగతి కొంచెం చిక్కుముడి. పిల్లలపై జరిగిన 33 పరీక్షలను కలిపి చూసిన 2019 నాటి కాక్రేన్ సమీక్షలో, ప్రోబయాటిక్ తీసుకోనివాళ్లలో 19 శాతం మందికి విరేచనాలైతే తీసుకున్నవాళ్లలో 8 శాతం మందికే అయ్యాయి. ఇది చిన్న మేలు కాదు. కానీ 2018లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు కొద్దిమంది పెద్దవాళ్లను పరిశీలిస్తే, యాంటీబయాటిక్ తర్వాత ప్రోబయాటిక్ మింగినవాళ్ల పేగుల్లో సొంత సూక్ష్మజీవులు తిరిగి కుదురుకోవడం ఆలస్యమైంది. రెండూ నిజం కావచ్చు. విరేచనాలు తగ్గడం వేరు, పేగు మునుపటి స్థితికి రావడం వేరు. అందుకే కోర్సు అయిపోయాక కూడా నెలల తరబడి మింగమనే సలహా నాకు నచ్చదు.

మరి మన పెరుగు, సల్ల ఉండగా ఇవన్నీ ఎందుకని అడగొచ్చు. తోడేసిన పెరుగు మంచి తిండి, అందులో అనుమానం లేదు. పెరుగులోని బ్యాక్టీరియా పాలచక్కెరను అరిగిస్తుంది కాబట్టే పాలు పడనివాళ్లలో చాలామందికి కూడా పెరుగు పడుతుంది. కానీ ఇంటింటి తోడులో ఏ రకం ఎంతుందో లెక్క ఉండదు, కాబట్టి దాన్ని మందులా నమ్ముకోలేం. మజ్జిగ పులుసు మరిగినా, ఇడ్లీ ఆవిరికి ఉడికినా ఆ జీవులు చచ్చిపోతాయి, మిగిలేది రుచీ పోషకాలే. ‘తింటే నష్టమేముంది’ అనే మాట ఆరోగ్యవంతులకు చాలావరకు చెల్లుతుంది. నెలలు నిండని శిశువులకు, ఐసీయూలో పెద్ద నరానికి గొట్టం వేసి ఉన్నవాళ్లకు చెల్లదు. అలాంటి రోగుల్లో కొందరికి ప్రోబయాటిక్‌లోని ఈస్టే రక్తంలోకి చేరింది.

జీవి పేరు, రకం, గడువు తేదీ నాటికి ఎన్ని బతికుంటాయన్న లెక్క లేబుల్ మీద ఉండాలని భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ విభాగం 2011లోనే మార్గదర్శకాలిచ్చాయి. డబ్బులిచ్చే ముందు అవి చూడండి. పిల్లవాడికి విరేచనాలైతే ముందు ఓఆర్‌ఎస్, జింక్ ఇవ్వాలి. క్యాప్సూల్ సంగతి తర్వాత. మలంలో రక్తం పడినా, కళ్లు లోపలికి పీక్కుపోయినా, ఏదీ తాగకుండా మగతగా పడుకున్నా షాపు ముందు ఆగకుండా నేరుగా ఎంజీఎం ఆసుపత్రికి తీసుకుపోవాలి.