హంతకుడే కథానాయకుడైతే...

అపరాధ పరిశోధక నవల అనగానే మన తెలుగు పాఠకుడికి గుర్తొచ్చేది డిటెక్టివ్. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్ లాంటివాడు రంగంలోకి దిగుతాడు, ఆధారాలు ఏరతాడు, చివరికి నేరస్థుడి ముసుగు తొలగిస్తాడు. మొదటినుంచీ మనం డిటెక్టివ్ పక్షమే. అలాకాక హంతకుణ్ణే కథానాయకుడిగా నిలబెట్టి, అతని వెనకాలే మనల్ని నడిపిస్తే? దానివల్ల నవలకు ఒనగూడే బలమేమిటి, వచ్చే లోపమేమిటి? ఫ్రెడరిక్ ఫోర్సైత్ 1971లో ప్రచురించిన ‘ది డే ఆఫ్ ది జాకాల్’ను తీసుకుని ఈ ప్రశ్నను పరిశీలిద్దాం.

ముందు కథకు పునాదియైన చరిత్ర. 1962లో అల్జీరియాకు స్వాతంత్ర్యం ఇచ్చినందుకు ఫ్రాన్సు అధ్యక్షుడు డిగాల్ మీద కొందరు సైనికాధికారులు కక్ష కట్టారు. వారి రహస్య సంస్థ పేరు ఓ.ఏ.ఎస్. ఆ ఏడాది ఆగస్టు 22న పారిస్ శివార్లలో ఆయన కారు మీద నూటికి పైగా తూటాలు పేలాయి. ఆయనకు చిన్న గాయం కూడా కాలేదు. ఆ దాడి నడిపించిన బాస్తియెన్ తిరీకి 1963 మార్చి 11న మరణశిక్ష అమలు జరిగింది. ఇంతవరకూ నిజం. ఇక్కణ్ణించి కల్పన. మిగిలిన కుట్రదారులు ఐదు లక్షల డాలర్లకు ఒక ఇంగ్లీషు కిరాయి హంతకుణ్ణి కుదుర్చుకుంటారు. అతని మారుపేరే జాకాల్, అంటే నక్క.

ఈ నవల మొదటి బలం విచిత్రమైనది. డిగాల్‌ను ఎవరూ చంపలేదని, ఆయన 1970లో సహజంగానే కన్నుమూశాడని పాఠకుడికి ముందే తెలుసు. ముగింపు తెలిసిన కథలో ఉత్కంఠ ఏముంటుందని కొందరు ప్రచురణకర్తలు రాతప్రతిని తిప్పి పంపారు కూడా. కాని ఫోర్సైత్ ‘చంపుతాడా, లేదా’ అన్న ప్రశ్నను పక్కకు నెట్టి, ‘ఎలా చంపబోతున్నాడు, ఎక్కడ దెబ్బతింటాడు’ అన్నదాని మీదికి మన దృష్టి మళ్ళించాడు. ఉత్కంఠకు రహస్యమే అక్కరలేదని రుజువు చేశాడు.

రెండో బలం పనితనం. రచయిత ఆ రోజుల్లో రాయిటర్ వార్తాసంస్థ విలేఖరిగా పారిస్‌లో ఉన్నవాడు. ఆ విలేఖరి కన్ను పుస్తకమంతటా కనిపిస్తుంది. జాకాల్ ఒక పల్లె శ్మశానంలో పసితనంలోనే చనిపోయిన పిల్లవాడి పేరు వెతికి, ఆ పేరుతో జనన ధ్రువపత్రం తీసుకుని, దాంతో అసలు పాస్‌పోర్టే సంపాదిస్తాడు. తుపాకిని ఊతకర్రలో ఇమిడేలా చేయిస్తాడు. అడవిలో ఖర్బూజా పండును వేలాడదీసి గురి సరిచూసుకుంటాడు. ఇవన్నీ చదువుతుంటే మంచి వడ్రంగి పని చూస్తున్నట్టుంటుంది. పాఠకుడు తనకు తెలియకుండానే అతని పని చెడిపోకూడదని కోరుకోవడం మొదలుపెడతాడు.

మూడో బలం, అతనికి దీటైన ప్రత్యర్థి. నవల రెండో భాగంలో గాని కమిషనర్ లెబెల్ ప్రవేశించడు. పొట్టిమనిషి, ఆర్భాటం లేనివాడు, ఇంట్లో భార్యకు జడిసేవాడు. హోటలు కాగితాలు, సరిహద్దు కార్డులు ఓపిగ్గా తిరగేయించడమే అతని ఆయుధం. అధికారుల్లోనే ఎవరో రహస్యం బయటికి చేరవేస్తున్నారని గ్రహించి, అందరి టెలిఫోన్లూ రహస్యంగా వినేస్తాడు!

ఇక లోపాలు. జాకాల్ ఎలా పనిచేస్తాడో మనకు అణువణువూ తెలుసు, ఎందుకు అలా అయ్యాడో తెలియదు. అసలు పేరైనా చివరికి తేలదు. అది రచయిత కావాలని చేసిందే. అయినా దాని మూల్యం ఒకటుంది. మనసు లేనివాడి కళ్ళతో చూసినప్పుడు చనిపోయేవాళ్ళు మనుషుల్లా కాక, దారిలో అడ్డొచ్చిన రాళ్ళల్లా కనబడతారు. దొంగపత్రాలు చేసేవాడు బెదిరించబోయి చస్తాడు. ఆశ్రయమిచ్చిన జమీందారిణి రహస్యం తెలుసుకుని చస్తుంది. వెంటనే మన చూపు తర్వాతి రైలు మీదికి పోతుంది.

అంతకన్నా పెద్ద లోపం మరొకటి. కొవాల్‌స్కీ అనే అంగరక్షకుణ్ణి, నీ చిన్నపిల్లకు ప్రాణాంతకమైన జబ్బు చేసిందని అబద్ధపు ఉత్తరంతో ఫ్రాన్సుకు రప్పించి, ప్రభుత్వం మనుషులే చిత్రహింసలు పెట్టి చంపుతారు. తుపాకి బిగింపును వర్ణించిన అదే చల్లని గొంతుతో రచయిత దీన్నీ వర్ణిస్తాడు. ఈ గొడవకంతటికీ మూలమైన అల్జీరియా ప్రజలకైతే నవలలో గొంతే లేదు.

నేరస్థుడి పనితనాన్ని మెచ్చుకోవడం మనకు కొత్తేమీ కాదు. శూద్రకుని ‘మృచ్ఛకటికం’ మూడో అంకంలో శర్విలకుడు గోడకు కన్నం ఏ ఆకారంలో వెయ్యాలా అని కళాకారుడిలా ఆలోచిస్తాడు. కొలతాడు మరిచిపోతే జంధ్యంతో కొలుస్తాడు. కాని అతను దొంగతనం చేసేది మదనిక దాస్యవిముక్తి కోసం. చేస్తున్నది తప్పని అతనికీ తెలుసు. నవ్వుతూనే మనం అతన్ని క్షమిస్తాం. జాకాల్‌ను క్షమించేందుకు గాని, ద్వేషించేందుకు గాని రచయిత మనకేమీ ఇవ్వలేదు.

ఒక్కచోట మాత్రం ఆ లోపమే గుణమైంది. 1963 ఆగస్టు 25న జాకాల్ గురిపెట్టి మీట నొక్కుతాడు. సరిగ్గా ఆ క్షణాన, పతకం అందుకుంటున్న పాత సైనికుణ్ణి ఫ్రెంచి ఆచారం ప్రకారం బుగ్గల మీద ముద్దుపెట్టుకోవడానికి డిగాల్ తల వంచుతాడు. గుండు గురితప్పుతుంది. దూరం, కోణం, సమయం అన్నీ లెక్కగట్టినవాడికి ఒక మనిషి మరో మనిషిని ఆదరించే తీరు లెక్కలోకి రాలేదు. రెండో గుండు పేల్చేలోగా లెబెల్ వస్తాడు.

ఈ నవలను తప్పక చదవండి. రాత్రి నిద్ర మాని చదివిస్తుంది. మర్నాడు మాత్రం, మనం ఎవరి గెలుపు కోరుకున్నామో ఒకసారి గుర్తుచేసుకోండి. రేపు మనలో కొందరు ఇంజనీర్లు, కొందరు అధికారులు అవుతారు. పని ఎంత నేర్పుగా జరిగిందన్నదే చూసి, అది ఎవరిమీద జరిగిందో అడగడం మరిచిపోయే అలవాటు నవలల్లోనే ఉండిపోతుందని నమ్మకం ఏమిటి?