తెగినా రాలని పూసల దండ

మా మేళ్లచెరువులో శంభులింగేశ్వర స్వామి శివరాత్రి జాతర అంటే ఎంత జనమో తెలుసు కదా. ఒకసారి ఆ తొక్కిసలాటలో మా అమ్మ దండ తెగింది. దారం తెగింది ఒక్కచోటే, పోయింది మాత్రం దండంతా. అమ్మమ్మ ఇచ్చిన ముత్యాల్లో నాలుగే దొరికినయ్.

నేను కోడ్ రాసేవాణ్ని కదా, తప్పెక్కడో అర్థమైంది. అన్ని పూసలకూ ఒక్కటే దారం! అందుకే ఆ నాలుగు ముత్యాలు, కొన్ని స్ఫటికాలతో కొత్త దండ చేసినప్పుడు ప్రతి పూసకూ విడిగా తీగ ముక్క వాడాను.

పూసలోంచి తీగ దూర్చి, రెండు వైపులా ప్లయర్‌తో గుండ్రంగా లూప్ వంచాలి. దాన్ని పక్క పూస లూప్‌లో తగిలించి, అప్పుడు మిగిలిన తీగను లూప్ మొదట్లో మూడు చుట్లు చుట్టాలి. ఇక ఎక్కడ తెగినా దండ అక్కడ విడిపోతుందే గానీ పూసలన్నీ రాలిపోవు.

తీగ కొనేటప్పుడు జాగ్రత్త. గేజ్ నంబర్ పెరిగేకొద్దీ తీగ సన్నబడుతది. 20 గేజ్ దాదాపు 0.8 మిల్లీమీటర్లు, 24 గేజ్ 0.5. ముత్యం రంధ్రం చిన్నది కాబట్టి 24 లేదా 26 తీసుకోండి.

ఇంకోటి. మోస్ స్కేల్ మీద స్ఫటికం గట్టిదనం 7, ముత్యానిది 2.5 నుంచి 4.5 వరకే. రెండూ రాసుకుంటే గీతలు పడేది ముత్యానికే. మధ్యలో ఉన్న లూపులు వాటిని ఎడంగా ఉంచుతయ్.

ఈసారి జాతరకు అమ్మ ఆ దండే వేసుకుంది. మీ ఇంట్లో తెగిన దండ ఉంటే పూసలు పారేయకండి!