వెనక హబ్ మార్చాలా, వద్దా?

మా హాస్టల్లో సైకిల్ పాడైతే నలుగురు చేరి తలో మాట చెప్పడం ఆనవాయితీ. ఈసారి ఒకే వారంలో రెండు సైకిళ్ల గురించి ఒకే ప్రశ్న వచ్చింది. ఒకటి పూర్వ విద్యార్థుల సమావేశానికి హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక అన్నది. ఉద్యోగం వచ్చాక ముచ్చటపడి కొనుక్కున్న రోడ్ బైక్. వెనక హబ్ తీసేసి ఖరీదైనది వేయిస్తే వేగం పెరుగుతుందా అని ఆయన అడిగారు. రెండోది మా ఇంటర్ తమ్ముడిది. తెల్లవారుజామున ఇళ్లకు పేపర్లు వేసి, అదే సైకిల్ మీద కాలేజీకి వెళ్తాడు. వంతెన ఎక్కుతూ నిలబడి తొక్కుతుంటే పెడల్ ఒక్కసారిగా ఉత్తిగా తిరిగిపోయింది. వెనకే లారీ! మోకాలు చెక్కుకుపోవడంతో సరిపోయింది. షాపులో చూపిస్తే హబ్ పోయింది, వెనక చక్రం మొత్తం మార్చాలన్నారట. వాడి దగ్గర ఉన్నది పరీక్ష ఫీజుకు దాచుకున్న డబ్బు. అందుకని మేమే పానాలు పట్టుకుని కూర్చున్నాం.

హబ్ అంటే చక్రం నడుమ ఉండే గొట్టం. పుల్లలన్నీ దాని అంచులకే తగులుకుంటాయి. మన నల్ల సైకిళ్లకు మామూలుగా ముందు 32, వెనక 40 పుల్లలు. గొట్టం లోపల ఇరుసు, ఇరుసుకు రెండు వైపులా కోన్లు, కోనుకూ గిన్నెకూ మధ్య గుండ్లు. వెనక హబ్‌లో ఒక్కో వైపు పావు అంగుళం గుండ్లు 9 ఉంటాయి. తొక్కితే పట్టుకుని, ఆపితే టికటికమంటూ వదిలేసేది మాత్రం హబ్ కాదు, దానికి మరలతో బిగించిన ఫ్రీవీల్. చాలామంది తికమకపడేది ఇక్కడే. రోడ్ బైక్‌లలో ఈ పని చేసే భాగం హబ్‌లోనే కలిసి ఉంటుంది, దాన్ని ఫ్రీహబ్ అంటారు. షిమనో వారు 1978లో తమ డ్యూరా ఏస్ రకంలో దీన్ని తెచ్చారు. ఇందులో కుడివైపు గుండ్లు ఇరుసు చివరి దాకా జరుగుతాయి కాబట్టి ఇరుసు వంగడం తగ్గింది.

ముందు అన్న ప్రశ్న. ఖరీదైన హబ్ వల్ల మహా అయితే 100 గ్రాములు తగ్గుతాయనుకుందాం. మనిషి, సైకిల్ కలిపి 80 కిలోలు. అంటే 800లో ఒక వంతు. గంటసేపు ఎక్కే ఘాటు రోడ్డులో మిగిలేది నాలుగైదు సెకన్లు! తిరిగే బరువు తగ్గితే లాభం ఎక్కువ అంటారు కదా అని ఒకడు అడ్డు వచ్చాడు. నిజమే, కానీ అది రిమ్ముకు, టైరుకు చెల్లే మాట. హబ్ ఇరుసును ఆనుకునే ఉంటుంది, భౌతికశాస్త్రంలో చదివిన జడత్వ భ్రామకంలో దూరం వర్గమై కూర్చుంటుంది. ఇక గుండ్ల రాపిడి. చదును రోడ్డు మీద వేగంగా పోతుంటే మన బలంలో ఎక్కువ భాగం గాలికే పోతుంది, తర్వాత టైర్లకు. బాగున్న హబ్ తినేది చాలా స్వల్పం.

త్వరగా పట్టుకుంటుంది అనేది ఇంకో ఆకర్షణ. డీటీ స్విస్ హబ్‌లో 18 పళ్ల రాట్చెట్ తీసి 36 పళ్లది వేస్తే పట్టుకునే ముందు తిరిగే ఖాళీ 20 డిగ్రీల నుంచి 10కి తగ్గుతుంది. రాళ్ల దారిలో ఆగి ఆగి తొక్కేవారికి అది తెలుస్తుంది. రోడ్డు మీద ఎడతెగకుండా తొక్కేవారికి తెలియదు. పైగా హబ్ మార్చాలంటే పుల్లలన్నీ విప్పి మళ్లీ అల్లి, బెండు తీయాలి. ఫ్రేము వెడల్పు కూడా కుదరాలి. పాత ఫ్రేములకు 130 మిల్లీమీటర్లు, ఇప్పటి డిస్క్ బ్రేకు ఫ్రేములకు 142. గిన్నెలు గుంటలు పడినా, పుల్లలు తగిలే అంచు పగిలినా, రిమ్ము ఎలాగూ మారుస్తున్నా అప్పుడు మార్చడం సబబు. మంచి పేరున్న హబ్ ఒక్కదాని ధరకు మన మామూలు సైకిళ్లు రెండు మూడు వస్తాయని చెబితే అన్న నవ్వేశారు.

తమ్ముడి సైకిల్ సంగతి వేరు, అది ప్రాణానికి సంబంధించింది. చక్రం పట్టుకుని అటూ ఇటూ ఊపాం, కదలిక లేదు. లేపి తిప్పితే మెత్తగా తిరిగింది. హబ్‌కు ఏమీ కాలేదన్నమాట. తర్వాత ఒకడు చక్రాన్ని గట్టిగా పట్టుకుంటే ఇంకొకడు పెడల్ నొక్కాడు. చైను పళ్ల మీద నుంచి ఎగరలేదు. చైనుతోపాటు ఫ్రీవీల్ పళ్లు తిరిగాయి, చక్రం కదల్లేదు. దొంగ దొరికాడు! లోపల పళ్లను పట్టుకునే కొక్కేలు పైకి లేవడం లేదు. ఎప్పుడో ఎవరో ఫ్రీవీల్‌లో చిక్కటి గ్రీజు కూరారు, అది దుమ్ముతో కలిసి బంకలా గట్టిపడింది. గ్రీజు హబ్ గుండ్లకు కావాలి, ఫ్రీవీల్‌కు పల్చటి నూనె చాలు.

కిరోసిన్‌తో కడిగితే ఆడింది. అయినా మేము దాన్ని నమ్మలేదు. ఒక కొక్కెం అంచు అరిగిపోయి ఉంది, మళ్లీ వంతెన మీదే జారితే? 18 పళ్ల కొత్త ఫ్రీవీల్ ఒక్కటే కొన్నాం. పాత చైను కొత్త పళ్లను తినేస్తుందేమోనని దాన్ని కూడా కొలిచాం. చైను లంకె అర అంగుళం, కాబట్టి 20 లంకెలు సరిగ్గా 10 అంగుళాలు ఉండాలి. రెండున్నర మిల్లీమీటర్లు సాగితే పారేయాల్సిందే. మా జామెట్రీ బాక్సులోని స్కేలుతో చూస్తే ఒక మిల్లీమీటరు కూడా రాలేదు, ఉంచేశాం.

చక్రం ధరలో చిన్న వంతుతో పని అయిపోయింది. ఫీజు గడువులోపే కట్టాడు. ఆ మర్నాడు మాలో ఇద్దరం వాడితోపాటు వంతెన దాకా వెళ్లాం. నిలబడి తొక్కి చూపించమంటే మొదట భయపడ్డాడు, రెండోసారి ఎక్కేశాడు.