న్యూక్లియర్ స్ట్రెస్ టెస్ట్: ఏం చూస్తుంది, ఏం చూడదు

ఛాతీలో నొప్పి అనో, మెట్లెక్కితే ఆయాసం వస్తోందనో వైద్యుని దగ్గరకు వెళ్ళే మధ్యవయస్కులకు అమెరికాలో తరచుగా సూచించే పరీక్షల్లో న్యూక్లియర్ స్ట్రెస్ టెస్ట్ ఒకటి. పరీక్ష అయిన తరువాత మనవాళ్ళ నోట రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "నార్మల్ అని వచ్చింది, గుండెలో బ్లాకులేమీ లేవు" అన్నది మొదటిది. "పాజిటివ్ వచ్చింది, వెంటనే స్టెంటు వేయించుకోవాలి" అన్నది రెండవది. ఈ రెండు మాటల వెనుక ఉన్న అపోహ ఒకటే. ఈ పరీక్షకు బ్లాకులు కనిపించవు. గుండె కండరంలో ఏ భాగానికి రక్తం ఎంత అందుతోందో, ఒక భాగాన్ని మరొక భాగంతో పోల్చి చూపడం వరకే దాని పని. పరీక్ష అడిగే ప్రశ్న ఏమిటో తెలిస్తే గాని, అది ఇచ్చే సమాధానాన్ని ఎంతవరకు నమ్మవచ్చో తెలియదు.

గుండెను ఎందుకు శ్రమపెట్టాలి?

విశ్రాంతిలో కూడా గుండె నిమిషానికి సుమారు ఐదు లీటర్ల రక్తాన్ని శరీరానికి పంపుతుంది. కాని తన గదుల్లో నిండే ఆ రక్తం దాని సొంత అవసరాలకు పనికిరాదు. గుండె కండరానికి కావలసిన ప్రాణవాయువు, బృహద్ధమని మొదట్లోనే చీలే రెండు సన్నని ధమనుల ద్వారా అందాలి. వీటిని హృద్ధమనులు అంటాము. వాడుకలో కరొనరీ ఆర్టరీలు. వీటి గోడల్లో కొవ్వు, కాల్షియం పేరుకుని దారి ఇరుకు కావడాన్నే బ్లాకు అంటున్నాము.

దారి ఇరుకైన వెంటనే రక్తం తగ్గిపోదు. 1974లో లాన్స్ గూల్డ్, ఆయన సహచరులు కుక్కల హృద్ధమనులను క్రమక్రమంగా బిగిస్తూ చేసిన ప్రయోగాలు ఈ సంగతిని స్పష్టం చేశాయి. విశ్రాంతిలో ఉన్నప్పుడు ధమని వ్యాసం సుమారు 85 శాతం మూసుకుపోయేదాకా ప్రవాహం తగ్గలేదు. ఇరుకుకు దిగువన ఉన్న సన్నని రక్తనాళాలు విప్పారి లోటును సర్దుకున్నాయి. ప్రవాహాన్ని గరిష్ఠ స్థాయికి పెంచినప్పుడు మాత్రం సగం మూసుకుపోయిన ధమనిలోనే లోటు బయటపడింది. ఆరోగ్యంగా ఉన్న హృద్ధమనులు అవసరాన్ని బట్టి రక్తప్రవాహాన్ని మూడు నుంచి ఐదు రెట్లు పెంచుకోగలవు. ఇరుకైన ధమని ఆ వెసులుబాటును విశ్రాంతిలోనే ఖర్చుపెట్టేసుకుంటుంది.

కాలువ కింద సేద్యం చూసినవారికి ఇది కొత్త సంగతి కాదు. పిల్లకాలువలో పూడిక పడినా, నీటి అవసరం తక్కువగా ఉన్న రోజుల్లో ఎవరికీ తెలియదు. నాట్లప్పుడు తూములన్నీ ఎత్తితే, పూడిక పడిన కాలువ కింది మళ్ళకు నీరందదు. స్ట్రెస్ టెస్ట్ కాసేపు ఆ నాట్ల కాలాన్ని సృష్టిస్తుంది. కెమేరా పైనుంచి పొలాల పచ్చదనాన్ని చిత్రిస్తుంది. కాలువలోని పూడిక దానికి కనపడదు. ఎండిన మడిని బట్టి పూడికను మనం ఊహించాలి.

ఆరు గంటల మూలకం

గుండెలో ఆ పచ్చదనాన్ని చూపేది ఒక రేడియోధార్మిక పదార్థం. 1970ల్లో థాలియం-201తో ప్రాచుర్యంలోకి వచ్చిన ఈ పరీక్షలో ఇప్పుడు ఎక్కువగా వాడేది టెక్నీషియం-99ఎమ్. 1937లో ఇటలీలో కార్లో పెరియర్, ఎమీలియో సెగ్రే గుర్తించిన టెక్నీషియం, మానవుడు కృత్రిమంగా తయారుచేసిన తొలి మూలకం. టెక్నీషియం-99ఎమ్ ఆరు గంటల్లో సగమవుతుంది. ఇరవైనాలుగు గంటలకు పదహారో వంతు మిగులుతుంది. పరీక్ష ముగించడానికి ఆ వ్యవధి సరిపోతుంది, శరీరంలో ఎక్కువ కాలం నిలవదు.

ఇంత త్వరగా కరిగిపోయే సరుకును ఆసుపత్రులు నిలవ చేసుకోలేవు. అందుకని 66 గంటల్లో సగమయ్యే మాలిబ్డినం-99ను ఒక పాత్రలో తెప్పించుకుని, దాని నుంచి పుట్టే టెక్నీషియాన్ని ఏ రోజుకారోజు పిండుకుంటారు. ఈ వృత్తిలో ఆ పాత్రకు "ఆవు" అనే ముద్దుపేరు ఉంది. మాలిబ్డినం తయారుచేసే రియాక్టర్లు ప్రపంచంలో కొన్నే ఉన్నాయి. 2009లో కెనడాలోని చాక్ రివర్ రియాక్టరు మరమ్మతుల కోసం ఏడాదికి పైగా మూతపడినప్పుడు అనేక దేశాల్లో ఈ పరీక్షలకు కొరత ఏర్పడింది.

టెక్నీషియాన్ని సెస్టమిబి వంటి రసాయనంతో జతచేసి సిరలోకి ఎక్కిస్తే, రక్తం ఎంత అందితే ఆ మేరకు గుండె కణాల్లోకి చేరి, అక్కడి మైటోకాండ్రియాలలో నిలిచిపోతుంది. అందువల్ల శ్రమ శిఖరాన ఉన్న క్షణంలో మందు ఎక్కించి, చిత్రాన్ని తీరికగా తీయవచ్చు. కెమేరా ముందు పడుకునేది అరగంటకో గంటకో అయినా, చిత్రంలో ఉండేది మందు ఎక్కించిన ఆ క్షణమే.

నడక, లేదా మందు

నడవగలవారికి ట్రెడ్‌మిల్ మేలు. వాలునూ వేగాన్నీ మూడేసి నిమిషాలకు పెంచుతూ పోయే బ్రూస్ పద్ధతిని సియాటిల్‌లో రాబర్ట్ బ్రూస్ రూపొందించారు. 220లోంచి వయసును తీసివేసి, మిగిలినదానిలో కనీసం 85 శాతానికి గుండె వేగం చేరాలని లక్ష్యంగా పెట్టుకుంటారు. అరవై ఏళ్ళవారికి అది నిమిషానికి 136. ఎంతసేపు నడవగలిగారన్నది కూడా విలువైన సమాచారమే. ఎక్కువసేపు నడవగలిగినవారి భవిష్యత్తు సాధారణంగా మెరుగ్గా ఉంటుంది.

మోకాళ్ళ నొప్పుల వంటి కారణాలతో నడవలేనివారికి అడినోసిన్, రెగాడినోసాన్ వంటి మందులతో హృద్ధమనులను విప్పారేటట్లు చేస్తారు. ఆరోగ్యంగా ఉన్న ధమనిలో ప్రవాహం బాగా పెరుగుతుంది, ఇరుకైనదానిలో అంతగా పెరగదు. ఆ తేడాయే చిత్రంలో కనిపిస్తుంది. కాఫీ, టీలలోని కెఫీన్ ఈ మందులు పనిచేసే చోటే అడ్డుపడుతుంది. అందుకే పరీక్షకు 12 నుంచి 24 గంటల ముందునుంచి కాఫీ, టీ, కోలా, చాక్లెట్ మానమంటారు. కెఫీన్ తీసేశామని చెప్పే కాఫీలోనూ అది కొంత ఉంటుంది. ఉదయం కాఫీ తాగి వచ్చిన సంగతి దాచితే, ఉన్న జబ్బు కనిపించకుండా పోవచ్చు. ఉబ్బసం ఉన్నవారు ఆ విషయం ముందే చెప్పాలి. రక్తపోటు మందుల్లో ఏది ఆపాలో వైద్యుణ్ణి అడగాలి, సొంతంగా ఆపకూడదు.

చిత్రం చెప్పే మూడు మాటలు

విశ్రాంతిలో ఒక చిత్రం, శ్రమలో ఒక చిత్రం తీసి పక్కపక్కన పెడతారు. రెండింటిలోనూ కండరమంతా సమానంగా వెలిగితే నార్మల్. విశ్రాంతిలో వెలిగి, శ్రమలో మసకబారిన భాగం ఉంటే అక్కడ కండరం బతికే ఉంది, రక్తం చాలడం లేదు. రెండింటిలోనూ మసకగా ఉంటే అక్కడ పాత గుండెపోటు మచ్చ ఉండవచ్చు. అయితే స్త్రీలలో రొమ్ము, పురుషులలో ఉదరవితానం గామా కిరణాలను కొంత అడ్డుకుని ఇటువంటి మసకనే కలిగించగలవు. గుండె ప్రతి స్పందనకూ ఎంత శాతం రక్తాన్ని బయటికి నెడుతోందో కూడా ఈ చిత్రాల నుంచే లెక్కకడతారు.

నార్మల్ అంటే ఎంత భరోసా?

పరీక్ష నార్మల్‌గా వచ్చినవారిలో గుండెపోటు గాని, గుండె జబ్బుతో మరణం గాని సంభవించే అవకాశం సాధారణంగా ఏడాదికి ఒక శాతం కన్నా తక్కువ. అది నిజమైన భరోసాయే. కాని దానికి రెండు హద్దులున్నాయి.

మొదటిది, ఇది పోలిక మీద నిలిచిన పరీక్ష. ఉన్నవాటిలో పచ్చగా ఉన్న పొలాన్నే ప్రమాణంగా తీసుకుంటుంది. కాలువలన్నీ ఒకే మోస్తరుగా పూడిపోతే పొలాలన్నీ ఒకే మోస్తరుగా వాడిపోతాయి, చిత్రం సమానంగానే కనిపిస్తుంది. మూడు ప్రధాన ధమనులలోనూ జబ్బున్నవారిలో ఒక్కొక్కప్పుడు ఇలా జరుగుతుంది. అందుకే నిపుణులు చిత్రంతో పాటు శ్రమలో రక్తపోటు పడిపోయిందా, ఇ.సి.జి. మారిందా, గుండె ఉబ్బిందా అని కూడా చూస్తారు. పెట్ స్కాన్ ఉన్నచోట రక్తప్రవాహాన్ని మిల్లీలీటర్లలోనే కొలవగలరు గనుక ఈ చిక్కు చాలావరకు తీరుతుంది.

రెండవది, గుండెపోట్లలో చాలా భాగం, ప్రవాహాన్ని అడ్డుకోనంత చిన్న కొవ్వు పొర పగిలి, దాని మీద రక్తం గడ్డకట్టడం వల్ల వస్తాయి. పగిలేదాకా ఆ పొర ఈ పరీక్షకు చిక్కదు. నార్మల్ అని వచ్చినంత మాత్రాన కొలెస్టరాల్ మందు మానవచ్చునని కాదు.

పాజిటివ్ అంటే ఎంత భయం?

ఇక్కడ కొంచెం లెక్క చేయాలి. జబ్బున్న వంద మందిలో 85 మందిని పట్టుకునే, లేని వంద మందిలో 80 మందిని లేదని సరిగా చెప్పే పరీక్ష ఉందనుకుందాం. ఏ లక్షణాలూ లేని వెయ్యి మందికి దాన్ని చేశాము; వారిలో 40 మందికి జబ్బుంది. ఆ 40 మందిలో 34 మందికి పాజిటివ్ వస్తుంది. జబ్బులేని 960 మందిలో 192 మందికి కూడా పాజిటివ్ వస్తుంది. మొత్తం 226 పాజిటివ్‌లలో నిజమైనవి 15 శాతమే. ఇప్పుడు నడిస్తే ఛాతీ పట్టేసి, ఆగితే తగ్గే వెయ్యి మందిని తీసుకుందాం. వారిలో సగం మందికి జబ్బుంది. పాజిటివ్‌లు 525 వస్తాయి, వాటిలో 425 నిజం. అంటే 81 శాతం. పరీక్ష అదే, యంత్రం అదే. మారింది పరీక్షకు ముందున్న సంభావ్యత. డైమండ్, ఫారెస్టర్ 1979లోనే ఈ సూత్రాన్ని హృద్రోగ నిర్ధారణకు అన్వయించారు.

పాజిటివ్ నిజమే అయినా వెంటనే స్టెంటు అవసరమని అర్థం కాదు. 2007లో ప్రచురితమైన కరేజ్ అధ్యయనంలో 2,287 మంది, 2020లో ప్రచురితమైన ఇస్కీమియా అధ్యయనంలో భారతదేశంతో సహా 37 దేశాలకు చెందిన 5,179 మంది పాల్గొన్నారు. జబ్బు నిలకడగా ఉన్నవారిలో, మంచి మందులకు తోడు ముందుగానే స్టెంటు గాని బైపాస్ గాని చేయడం వల్ల మరణాలు తగ్గలేదు. తరచుగా ఛాతీ నొప్పి ఉన్నవారికి మాత్రం నొప్పి బాగా తగ్గింది. ఎడమ ప్రధాన ధమనిలో తీవ్రమైన ఇరుకు ఉన్నవారిని, గుండె బాగా బలహీనపడినవారిని ఇస్కీమియా అధ్యయనంలో చేర్చలేదు. వారి సంగతి వేరు. తక్కినవారికి ఆలోచించుకునేందుకు, మరొక వైద్యుని అభిప్రాయం తీసుకునేందుకు వ్యవధి ఉంది.

మనవాళ్ళ సంగతి

దక్షిణాసియా సంతతివారికి హృద్రోగ ముప్పు ఎక్కువ. 2018 నాటి అమెరికా కొలెస్టరాల్ మార్గదర్శకాలు ఈ సంతతిని ముప్పు పెంచే అంశాల్లో ఒకటిగా పేర్కొన్నాయి. ఈ మాట విని, లక్షణాలేమీ లేకున్నా ఊరట కోసం ఈ పరీక్ష చేయించమని అడిగేవారున్నారు. పైలెక్క ప్రకారం దానివల్ల ఊరట కన్నా అనవసరపు ఆందోళనకే ఎక్కువ అవకాశం. 2009లో వెలువడిన డయాడ్ అధ్యయనంలో, లక్షణాలు లేని 1,123 మంది మధుమేహ రోగులలో సగం మందికి ఈ పరీక్ష చేసి, సగం మందికి చేయకుండా ఐదేళ్ళపాటు గమనిస్తే, గుండెపోట్లలో, గుండె జబ్బు మరణాలలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పైగా టెక్నీషియం పరీక్షతో సుమారు 10 మిల్లీసీవర్టుల రేడియేషన్ అందుతుంది. ప్రకృతి నుంచి మనకు ఏడాదికి అందేది సుమారు మూడు. అవసరమున్నవారికి ఇది పెద్ద ముప్పు కాదు, అవసరం లేనివారికి ఇది కూడా దండగే. లక్షణాలు లేనివారు రక్తపోటు, మధుమేహం, ఎల్‌.డి.ఎల్‌., లైపోప్రోటీన్-ఎ కొలిపించుకోవడం మేలు, అవసరమైతే సి.టి.తో హృద్ధమనుల కాల్షియం కూడా చూస్తారు.

దీనికి విరుద్ధమైన అలవాటు మరింత ప్రమాదకరం. నడిస్తే వచ్చి, ఆగితే పోయే బరువును గ్యాస్ అని సరిపెట్టుకుని మజ్జిగ తాగి పడుకోవడం మన ఇళ్ళలో మామూలే. స్త్రీలలో, మధుమేహం ఉన్నవారిలో నొప్పి లేకుండా ఆయాసం, దవడ లాగడం, కడుపు పైభాగంలో ఇబ్బంది మాత్రమే ఉండవచ్చు. ఈ పరీక్ష ఉన్నది ఇటువంటివారి కోసం. విశ్రాంతిలో కూడా తగ్గని నొప్పి, దానితో పాటు చెమటలు ఉంటే పరీక్షకు అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడరాదు. అమెరికాలో 911కు, తెలుగు రాష్ట్రాల్లో 108కి ఫోన్ చేయాలి.

పరీక్ష రాసిచ్చిన వైద్యుణ్ణి మూడు ప్రశ్నలు అడగడం మంచిది. పరీక్షకు ముందు నాకు ఈ జబ్బు ఉండే అవకాశం ఎంత అనుకుంటున్నారు? ఫలితం ఎలా వస్తే నా వైద్యం ఎలా మారుతుంది? నా విషయంలో సి.టి. యాంజియోగ్రామ్ గాని, స్ట్రెస్ ఎకో గాని ఇంతకన్నా మెరుగా? రెండవ ప్రశ్నకు "ఏమీ మారదు" అన్నది సమాధానమైతే, పరీక్ష అక్కరలేదు.